కదురు, కండె, తరిమెన

సిరిసిల్ల వీధులలో ఒక్కసారి నడచినవారికి ఆ ఊరి చప్పుడును వేరుగా వర్ణించి చెప్పనక్కరలేదు. మరమగ్గాల మోత మధ్య ఏదో ఒక ఇంటి పంచలో కండెలు చుట్టే స్త్రీ కనబడుతుంది. ఆమె చేసే పనిని ఒక్క నిమిషం నిలబడి చూడండి. ఖాళీ కండెను తీసుకొని కదురు మొనకు తొడుగుతుంది; అరచేతితో ఒక్క తోపు తోస్తుంది. అంతే. మేకు లేదు, మర లేదు, జిగురు లేదు. కదురు తిరిగితే కండె తిరుగుతుంది, నూలు చుట్టుకొంటుంది. నిండిన తరువాత చిన్న మెలిక పెట్టి లాగితే కండె చేతిలోకి వచ్చేస్తుంది. తిరిగేటప్పుడు జారని కండె, కోరినప్పుడు ఊడిరావడానికి కారణమేమి?

ప్రశ్న చిన్నది. కాని దీని జవాబు తెలియనందువల్ల, రెండేండ్ల క్రిందట కోరుట్లలో ఒక పిల్లవాని కన్ను పోవలసి ఉండెను. దైవవశాన పోలేదు. ఆ కథను, దానివలన నేను నేర్చుకొన్న పాఠాన్ని, ముఖ్యంగా తోటి ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ చెప్పవలెనని ఈ వ్యాసం మొదలుపెట్టినాను.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకొంటాను. నేను తెలుగు బోధించేవాడిని. మన నిఘంటువులలో 'తరిమెన' అన్న మాట ఉన్నది. కర్రను గిరగిర తిప్పుతూ ఉలితో చెక్కి గుండ్రన చేసే సాధనం అని దానికి అర్థం. తరగతిలో ఆ మాట వచ్చినప్పుడల్లా 'నునుపుగా చెక్కే యంత్రం' అని చెప్పి ముందుకు సాగిపోయేవాడిని. ఇరవై అయిదేండ్లకు పైగా ఆ మాటకు అర్థం చెప్పినాను. ఆ వస్తువును మాత్రం ఒక్కనాడూ చేతితో తాకి చూడలేదు.

తరిమెన చాలా పాతది. పూర్వం ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. ఒకడు కర్రకు చుట్టిన తాడును ఇటూ అటూ లాగేవాడు. రెండవవాడు ఉలి పట్టేవాడు. తాడు ఇటు లాగినప్పుడు కర్ర ఒకవైపు, అటు లాగినప్పుడు మరొకవైపు తిరిగేది. కనుక ఉలి సగం కాలమే కోసేది. మిగిలిన సగం వేచి ఉండేది. విద్యుత్తు మోటారు వచ్చిన తరువాత కర్ర ఎడతెగక ఒకే దిక్కుకు తిరుగుతున్నది. మంచపు కోళ్లు, ఉయ్యాల స్తంభాలు, చపాతీ కర్రలు, బొంగరాలు అన్నీ దీనిమీద పుట్టినవే. ఈనాడు మన వడ్రంగులు దీనిని 'లేత్' అంటున్నారు. దాని ఎడమ తలను హెడ్‌స్టాక్ అంటారు; కర్రను తిప్పే ఇరుసు అక్కడ ఉంటుంది. కుడి తల టెయిల్‌స్టాక్. అది తిరగదు, కర్ర కొసను మొనతో ఆనుకొని నిలబెడుతుంది.

ఇక కోరుట్ల కథ. నా విద్యార్థి ఒకడు వడ్రంగి కుటుంబంలోనివాడు. ఇనుప పట్టీలతో, పాత యంత్రపు ఇరుసుతో, చిన్న మోటారుతో అతని తండ్రి స్వయంగా ఒక లేత్ కట్టుకొన్నాడు. ఒకనాడు ఆయనకు దీపపు స్తంభాలు చేసే పని వచ్చింది. కరెంటు తీగ పోవడానికి స్తంభం నడుమ నిలువునా రంధ్రం పెట్టాలి. చేతి డ్రిల్లుతో పెడితే రంధ్రం ప్రక్కకు పోతుంది. సగం దూరం పోయేసరికి స్తంభం ప్రక్క చీలి బిట్టు బయటికి వస్తుంది. లేత్ మీద అయితే ఈ చిక్కు లేదు. కర్ర తన ఇరుసు మీద తిరుగుతుంటే బిట్టు కదలక నిలిచి లోనికి పోతుంది. రంధ్రం నడిమి గీతను విడువదు. అయితే ఆ బిట్టును పట్టుకొనడానికి లేత్‌కు ఒక 'నోరు' కావాలి. ఆ నోరే డ్రిల్ చక్. చేతి డ్రిల్లు ముందు భాగంలో మూడు దవడలు దగ్గరకు వచ్చి బిట్టును కరచుకొంటవి గదా, అదే.

పిల్లవాడు పాడైపోయిన చేతి డ్రిల్లు నుండి చక్ విప్పినాడు. ఆ విప్పడంలోనూ ఒక మర్మమున్నది. దవడలు పూర్తిగా తెరిస్తే లోపల చిన్న మరమేకు కనబడుతుంది. అది ఎడమ మర. మామూలు మేకును విప్పే దిక్కుకు తిప్పితే ఇంకా బిగుసుకొంటుంది. అది తెలిసినవాడే, సరిగ్గా విప్పినాడు. చక్ వెనుక రంధ్రాన్ని కొలిచినాడు: అరంగుళం. తండ్రి లేత్ ఇరుసు కొసను కొలిచినాడు: అదీ అరంగుళమే. వడ్రంగి భాషలో నాలుగు సూత్‌లు. అంగుళంలో ఎనిమిదవ వంతును వారు సూత్ అంటారు; హిందీలో సూత్ అంటే నూలుపోగు. నేతవాని పోగు వడ్రంగికి కొలత అయినది!

"రెండూ నాలుగు సూత్‌లే గద సార్, పడుతదనుకున్న" అని తరువాత నాతో అన్నాడు.

ఇరుసుకు చక్ ఒక చుట్టు, ఒకటిన్నర చుట్టు ఎక్కి ఆగిపోయింది. తుప్పు అనుకొన్నాడు. పైపు పానాతో బలవంతంగా మరికొంచెం తిప్పినాడు. బిగిసింది. బిట్టు పెట్టి, మోటారు వేసి, కర్రను బిట్టుకు ఎదురుగా తోసినాడు. రెండంగుళాలు దిగేసరికి పొట్టు నిండి బిట్టు చెక్కలో కరచుకొన్నది. అరకొరగా పట్టిన మర చుట్లు నలిగిపోయినవి. చక్ ఇరుసును వదలి, పిల్లవాని చెవి ప్రక్కనుండి దూసుకొనిపోయి, వెనుక రేకు గోడకు తగిలింది. ఆ సొట్ట ఈనాటికీ ఉన్నది. నేను వేలితో తడిమి చూచినాను. అది నా మనిషి కన్నంత ఎత్తులో ఉన్నది.

తండ్రి ఆనాడు కొడుకును కొట్టలేదు, తిట్టలేదు. లేత్ పటకా విప్పి అటక మీద పెట్టినాడు. మూడు వారాలు పని ఆగిపోయింది. ఆ సంగతి విని, చక్‌నూ ఇరుసునూ పట్టుకొని ఆ పిల్లవాడితో నేను జగిత్యాలలో ఇనుప లేత్ నడిపే ఒక ముసలి మేస్త్రీ దగ్గరకు పోయినాను. ఆయన రెండింటినీ వెలుతురుకు ఎత్తి చూచి, దువ్వెన వంటి పళ్లున్న చిన్న రేకులు ఇరుసు మరలకు ఆనించి చూచి, తల ఊపినాడు.

"లావు ఒక్కటే బిడ్డా, నడక వేరు. ఇరుసుకు అంగుళానికి పన్నెండు చుట్లు, చక్‌కు ఇరవై. పన్నెండును ఇరవైల జొప్పిస్తే ఎట్ల పడుతది?"

ఆ ఒక్క మాటలో పందొమ్మిదవ శతాబ్దపు చరిత్ర ఎంతో ఇమిడి ఉన్నది. అంతకు పూర్వం మరమేకులను ఏ పనిశాల తయారుచేస్తే ఆ పనిశాల కొలతలే. ఒకచోటి మేకు మరొకచోటి రంధ్రానికి పట్టేది కాదు. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్వర్త్ అనే యంత్రజ్ఞుడు మరలకు ఒక క్రమం ప్రతిపాదించినాడు. ఇంత లావు మేకుకు అంగుళానికి ఇన్ని చుట్లు, చుట్టు కోణం 55 డిగ్రీలు అని నిర్ణయించినాడు. ఆయన లెక్కలో అరంగుళపు మేకుకు 12 చుట్లు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో వేరొక క్రమం ప్రతిపాదించినాడు. చేతి డ్రిల్లుల చక్‌లలో ఎక్కువగా కనబడే అరంగుళానికి 20 చుట్ల సన్నని మర ఆ 60 డిగ్రీల వంశానికి చెందినదే. మన దేశంలో 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చినవి. అయినా అంగుళాలు కలప అంగళ్లనుండి పోలేదు. అందుచేత ఒకే వడ్రంగి కొట్టంలో మూడు దేశాల మరలు, మూడు కాలాల కొలతలు కలసి కాపురం చేస్తున్నవి. వానిలో ఏది ఏదో తెలియకపోతే ప్రమాదం చక్‌లో లేదు, మన తెలియనితనంలో ఉన్నది.

మేస్త్రీ ఒక ఇనుప ముక్క తీసుకొని నడిమి జోడింపు ఒకటి చేసినాడు. లోపల పన్నెండు చుట్ల మర, వెలుపల ఇరవై చుట్ల మర. ఆయన పని వరుసలో నాకు గొప్పగా తోచినది ఒకటి ఉన్నది. లోపలి మర ముందుగా కోసి, ఆ ముక్కను మా ఇరుసుకే ఎక్కించి, ఆ ఇరుసును తిప్పుతూ వెలుపలి మర కోసినాడు. అప్పుడే రెండు మరల నడిమి గీతలు ఒక్కటవుతవట. వేరువేరుగా కోస్తే చక్ తిరిగేటప్పుడు తల ఊపుతుంది. ఇంకొకటి: ముక్కకు ఒక చదునైన భుజం ఉంచినాడు. ఎందుకని అడిగినాను. "మర గుంజుతది సార్, భుజం నిలవెడుతది" అన్నాడు. మర పని లాగడమే. వంకర లేకుండా నిలబెట్టేది ఆ భుజం, ఇరుసు అంచుకు ఒత్తుకొని కూర్చోవడం వల్ల.

ఇదంతా చేసి యిచ్చి, ఆయన మరొక మాట అన్నాడు: "ఇది నడుస్తది గని, దీని అసలు జాగ ఇది కాదు. తోకకు పెట్టాలె, టేపరుతోని."

ఇక్కడనే మన సిరిసిల్ల కండె మళ్లీ కథలోకి వస్తుంది.

అమెరికాలో స్టీఫెన్ మోర్స్ అనే ఆయన మెలిక డ్రిల్లు బిట్టుకు 1863లో హక్కుపత్రం పొందినాడు. మరుసటి సంవత్సరం మసాచుసెట్స్ రాష్ట్రంలో న్యూ బెడ్‌ఫోర్డు పట్టణంలో ఆయన సంస్థ వెలసినది. బిట్టును యంత్రంలో నిలపడానికి ఆయన పేరుమీద ఒక ఏటవాలు కాడ ప్రసిద్ధికెక్కినది. దానినే మోర్స్ టేపర్ అంటారు. అది ఒక పొడుగుపాటి శంకువు ముక్క. తలవైపు లావు, కొసవైపు సన్నం. యంత్రపు ఇరుసులో అదే వాలు గల రంధ్రం ఉంటుంది. కాడను రంధ్రంలోకి ఒక్క తోపు తోస్తే చాలు. మేకు లేదు, మర లేదు. కదురూ కండే!

దీని వాలు సుమారు ఇరవైకి ఒకటి. అంటే పొడవున 20 మిల్లీమీటర్లు పోయేసరికి లావు 1 మిల్లీమీటరు తగ్గుతుంది. నడిమి గీతకు ఒక ప్రక్క వంపు ఒకటిన్నర డిగ్రీకి కొంచెం తక్కువ. త్రికోణమితి చదివిన విద్యార్థి ఆ కోణపు టాంజెంటు 1/40, అనగా 0.025 అని వెంటనే చెప్పగలడు. ఉక్కుకూ ఉక్కుకూ నడుమ ఘర్షణ గుణకం దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. కనుక లోనికి తోసిన కాడను వెలికి జార్చే బలం కంటె పట్టి ఉంచే ఘర్షణే మిక్కుటం. దవడలు లేకుండా కరచుకొనే రహస్యం ఇదే. వాలు ఎక్కువయితే పట్టు పోతుంది. మిల్లింగ్ యంత్రాలలో 24కు 7 వంతున వాలు ఉంటుంది, దానిని వెనుకనుండి కమ్మితో లాగి పట్టక తప్పదు. సిరిసిల్లలో కండె చుట్టే ఆమె ఈ లెక్క కట్టలేదు. ఆమె అరచేతికి ఆ లెక్క తెలుసు.

మోర్స్ టేపర్లకు 0 నుండి 7 దాకా సంఖ్యలున్నవి. చిన్న కర్ర లేత్‌లలో ఒకటవదీ, కొంచెం పెద్దవానిలో రెండవదీ వాడుక. తలవైపు లావు ఒకటవదానికి 12.065 మిల్లీమీటర్లు, రెండవదానికి 17.780, మూడవదానికి 23.825. కనుక లేత్‌కు చక్ కొనబోయేవాడు ముందుగా తన టెయిల్‌స్టాక్ రంధ్రపు నోటిని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలుచుకోవాలి. తరువాత చక్ వెనుక భాగం చూడాలి. అక్కడ మర ఉంటే అది ఏ మరో తెలియాలి. నున్నని శంకు రంధ్రం ఉంటే అది జాకబ్స్ టేపరో, బి16 వంటిదో తెలియాలి. ఒక కొస లేత్‌కు, మరొక కొస చక్‌కు సరిపోయే నడిమి కాడను అంగడివారు ఆర్బర్ అంటారు. రెండు కొసల పేర్లూ చెప్పగలిగినవాడే అంగడికి పోవలె. చెప్పలేనివాడు డబ్బు పోగొట్టుకొని వస్తాడు.

ఆ జాకబ్స్ ఎవరని అడుగుతారేమో. ఆర్థర్ జాకబ్స్ అనే అమెరికను 1902లో ఈ పళ్లచక్రపు చక్‌కు హక్కుపత్రం పొందినాడు. పూర్వపు చక్‌లను పానాతో బిగించేటప్పుడు వేళ్ల కణుపులు చెక్కుకొనిపోయి, విసిగి ఆయన దీనిని కల్పించినాడని చెబుతారు. చిన్న పళ్ల తాళపుచెవి తిప్పితే మూడు దవడలూ ఒకేసారి దగ్గరకు వస్తవి.

ఆర్బర్‌ను చక్‌కు బిగించే పద్ధతి కూడ వినదగినది. రెండు శంకువులనూ గుడ్డతో తుడిచి నూనె లేకుండా చేయాలి; నూనె ఉంటే ఘర్షణ తగ్గి పట్టు పోతుంది. దవడలను పూర్తిగా లోనికి పంపి, చక్‌ను బల్లమీద బోర్లించి, కాడను కర్ర సుత్తితో ఒకటి రెండు దెబ్బలు కొట్టాలి. మధ్యలో ఒక్క ఇసుక రేణువున్నా చక్ వంకరగా కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. టెయిల్‌స్టాక్‌లో ఉన్న చక్ మీద పడే బలం బిట్టును కర్రలోకి తోసే బలం. అది కాడను ఇంకా లోనికి తోస్తుంది, పట్టు పెరుగుతుంది. కాని అదే చక్‌ను హెడ్‌స్టాక్‌లో పెట్టి, దానిలో కర్రను పట్టించి ప్రక్కనుండి ఉలి పెట్టినారనుకొనండి. ప్రక్కబలం, అదురు రెండూ కలసి కాడను కొంచెం కొంచెం వెలికి జరుపుతవి. చూస్తుండగానే చక్ ఊడి ఎగురుతుంది. అందుకు విరుగుడు ఒక పొడుగుపాటి మరకమ్మి. బోలుగా ఉన్న ఇరుసు గుండా దానిని దూర్చి, కాడ కొసలోని మరకు బిగించి, వెనుక నుండి నట్టుతో లాగి పట్టాలి. ఆ కమ్మి లేనిదే హెడ్‌స్టాక్‌లో డ్రిల్ చక్ పెట్టరాదు. పెట్టినా సన్నని చిన్న వస్తువులకే. పెద్ద గిన్నెలు చెక్కడానికి డ్రిల్ చక్ పనికిరాదు. దాని దవడలు బిట్టు కోసం పుట్టినవి.

లోతైన రంధ్రంలో నుండి బిట్టును వెనుకకు లాగేటప్పుడు చక్ మీద ఎడమ చేయి వేసి ఉంచాలి. లేకుంటే బిట్టు కర్రలోనే నిలిచి, కాడ ఊడివస్తుంది. కొద్దికొద్దిగా దించుతూ పొట్టును బయటికి తీయాలి. బిట్టు లావు పెరిగినకొద్దీ వేగం తగ్గించాలి. తాళపుచెవిని చక్‌లో మరచి మోటారు వేయరాదు. కంటికి అద్దాలు లేకుండా దగ్గరకు పోరాదు. ఈ చివరి మాటకు కోరుట్ల రేకు గోడ సాక్ష్యం.

ఈ పట్టు విద్య పరాయిది కాదు. విశాఖ సీమలో వరాహనది ఒడ్డున ఏటికొప్పాక ఉన్నది; 2022 నుండి అది అనకాపల్లి జిల్లాలోనిది. అక్కడి కళాకారులు అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, తిరుగుతున్న కర్రకు లక్క కణికను ఒత్తుతారు. ఘర్షణ వేడికి లక్క కరిగి రంగు పూతై పరచుకొంటుంది. మనకు చక్‌ను నిలబెట్టే ఘర్షణే వారికి రంగు వేస్తున్నది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. చెట్ల రంగులతో ఆ కళకు మళ్లీ ప్రాణం పోసిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మన ప్రాంతపు వడ్రంగికి బిరుదులు రాకపోవచ్చు. పని మాత్రం ఆ జాతిదే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. శంకువు పాఠం వచ్చిననాడు నల్లబల్ల మీద ఐస్‌క్రీము బొమ్మ గీసి ఊరకుండకండి. ఒక కండెనూ, దొరికితే ఒక పాత ఆర్బర్‌నూ తరగతికి తెండి. 40 మిల్లీమీటర్ల ఎడంలో రెండుచోట్ల లావు కొలిపించండి. ఎంత తేడా వచ్చిందో, వాలు ఎంతో, కోణం ఎంతో పిల్లలనే చెప్పనివ్వండి. రెండు అరంగుళపు మేకులు తెచ్చి చుట్లు లెక్కపెట్టించండి. మీ తరగతిలో వడ్రంగి కొడుకో, నేతపని ఇంటి కూతురో తప్పక ఉంటారు. ఆనాటి పాఠం వారు చెబుతారు, మనం విందాం. మా విద్యార్థికి శంకువు సూత్రం కంఠస్థమే. ఆ సూత్రం తన తండ్రి కొట్టంలో ఉన్నదని చెప్పవలసినవారము మేము చెప్పలేదు.

పోయిన వేసవిలో కోరుట్ల పోయినాను. తండ్రి పాత సామాను అంగడిలో రెండవ నంబరు రంధ్రం గల టెయిల్‌స్టాక్ సంపాదించినాడు. పిల్లవాడు అద్దాలు పెట్టుకొని, కాడను గుడ్డతో తుడిచి, అరచేతితో ఒక్క తోపు తోసినాడు. చిన్న చప్పుడయింది. "పట్టింది సార్" అన్నాడు. ఆ చప్పుడు వినడానికి తండ్రి చేతిలోని పని ఆపినాడు. తరువాత నేను ఆ చక్‌ను పట్టుకొని లాగి చూచినాను, రాలేదు. తరిమెన అన్న మాటకు అర్థం ఆనాడు నా చేతికి తెలిసింది.